అంగిట్లో అడ్డపొగ

చుట్ట వెలిగించి, నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుని పీల్చే ముసలమ్మల్ని శ్రీకాకుళం పల్లెల్లో మీరూ చూసే ఉంటారు. అదే అడ్డపొగ. దానివల్ల అంగిట్లో కేన్సర్ వస్తోందని డి.జి.రెడ్డి, వి.కె.రావు అనే పరిశోధకులు 1957లోనే రాశారు. ఆ తర్వాత డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి పరిశోధకులు కలిసి మన జిల్లాలో 10,169 మంది నోళ్లు తెరిపించి చూశారు. ఆ వివరాలు 1971లో అచ్చయ్యాయి. చూసినవాళ్లలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగవాళ్లే!

ఇంతకీ కేన్సర్ కణంలో ఏం జరుగుతుందండీ? ప్రతి కణం చుట్టూ కొవ్వుతో అల్లిన పల్చటి పొర ఉంటుంది. అందులో ముఖ్యమైన సరుకు ఫాస్ఫాటిడైల్‌కోలిన్. కేన్సర్ కణం ఆగకుండా రెండవుతూ పోతుంది కదా, ప్రతిసారీ కొత్త పొర కావాలి. అందుకే కోలిన్‌ను లాక్కుని పోగేసుకుంటుంది.

కణాన్ని కోయకుండానే ఈ సంగతి పట్టేది మాగ్నెటిక్ రెజొనెన్స్ స్పెక్ట్రోస్కోపీ. ఎమ్మారైలో ఉండే అయస్కాంతమే ఇక్కడా పనిచేస్తుంది. హైడ్రోజన్ కేంద్రకం ఏ అణువులో ఉందో దాన్నిబట్టి దాని స్పందన మారుతుంది. ఆ స్పందనల గ్రాఫులో కోలిన్ 3.2 పీపీఎం దగ్గర, కొవ్వు 1.3 దగ్గర లేస్తాయి.

నన్ను బాగా ఆకట్టుకున్న చిక్కు ఇక్కడే ఉంది. పొరలోని కొవ్వు అణువులు, కిక్కిరిసిన పలాస బస్సులో జనంలా, అటూ ఇటూ మెసలలేవు. మెసలని అణువు గీత గ్రాఫులో పరుచుకుపోయి కనపడకుండా పోతుంది. మరి 1.3 దగ్గర సూదిలా లేచే శిఖరం ఎవరిది? పొరలోనే విడిగా తిరిగే కొవ్వుదని సిడ్నీలో కరొలిన్ మౌంట్‌ఫోర్డ్ బృందం 1980లలో వాదించింది. కాదు, కణం లోపలి కొవ్వు బొట్లదని మరికొందరన్నారు. చచ్చిన కణజాలంలోనూ ఆ శిఖరం లేస్తుంది. కాబట్టి అదొక్కటీ చూసి కేన్సరని తేల్చకూడదనే నా మాట కూడా.

పైగా నోటి విషయంలో ఈ యంత్రానికి అడ్డంకులు ఎక్కువ. పక్కనే గాలి, పళ్లకు వేయించుకున్న లోహం, మింగినప్పుడల్లా కదలిక. కానీ అంగిలి చూడ్డానికి అంత యంత్రం దేనికి? టార్చిలైటు చాలు. మీ ఇంట్లో అడ్డపొగ అలవాటున్న పెద్దమ్మ ఉంటే ఈ వారమే నోరు తెరిపించి చూడండి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, ఏది కనబడినా డాక్టరుకు చూపించండి. విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. నొప్పి లేదు కదా అని మాత్రం ఊరుకోకండి.