నిధివేటకు సంచి సర్దుతుంటే...

అందులో బంగారం ఉండదు. వజ్రాలూ ఉండవు. తీరా దొరికేది ఓ డబ్బా. దాన్లో చిన్న నోటుపుస్తకం, నాలుగైదు ఆటవస్తువులు. అంతే! దానికోసమే కొండలెక్కి, వాగులు దాటి, పొదలన్నీ గాలించేవాళ్లు ప్రపంచమంతటా లక్షల్లో ఉన్నారు. ఆ ఆట పేరు జియోకేచింగ్. మన మాటల్లో చెప్పుకోవాలంటే ఉపగ్రహాలు దారి చూపించే దాగుడుమూతలు. ఒకరు డబ్బా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్లు జీపీఎస్ పట్టుకుని వెతకాలి. దొరికితే పుస్తకంలో పేరూ తేదీ రాసి డబ్బాను ఎక్కడిదక్కడ పెట్టేయాలి. లోపలి బొమ్మ నచ్చితే తీసుకోవచ్చు, కాకపోతే దానికి తీసిపోనిది మరొకటి అక్కడ ఉంచాలి.

2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతున్న తప్పును తీసేసింది. అప్పటిదాకా వంద మీటర్ల వరకూ తేడా చూపించిన పరికరాలు ఒక్కరాత్రిలో సూటిగా చెప్పడం మొదలెట్టాయి. అదెంత సూటిగా చెబుతోందో చూద్దామని మే 3న ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ ఉల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు ఓ నల్ల ప్లాస్టిక్ బకెట్‌ను అడవిలో సగం పాతిపెట్టాడు. అందులో పుస్తకాలు, వీడియోలు, ఓ కేటపల్టు, ఓ చిక్కుడుగింజల డబ్బా వేశాడు. మూడు రోజులు తిరక్కుండా జనం కనిపెట్టేశారు. తమాషా ఏమిటంటే, ఆయన చేసినట్టే ఇవాళ ఎవరైనా చేస్తే ఆట నియమాలు ఒప్పుకోవు. పాతిపెట్టకూడదు, తినే వస్తువులు పెట్టకూడదు, స్థలం యజమాని అనుమతి ఉండాలి. ఈ నియమాల వెనక ఎన్ని తిప్పలున్నాయో విశాఖపట్నంలోని ఓ ఇంట్లో సంచి సర్దుతున్నప్పుడు తెలిసొచ్చింది.

ఆ ఇంట్లో పాప ఏడో తరగతి. అమెరికాలో ఉన్న మావయ్య వీడియోకాల్‌లో ఓ డబ్బాను వెతికి చూపించిన రోజు నుంచీ ఈ ఆట పిచ్చి పట్టుకుంది. సెలవులకు రెండు రోజులు అరకు ప్రయాణం. తర్వాతి వారం పిన్ని పిల్లలూ అక్కడికే వెళ్తున్నారు. ఇంకేం... తనో డబ్బా దాచాలి, వాళ్లు వెతుక్కోవాలి! మంచమంతా సామాన్లు పరిచేసింది. ఫోను, పవర్‌బ్యాంకు, దిక్సూచి, టార్చి, స్వెటరు, బిస్కట్లు, గొడుగు, తాడు, మడతకత్తి, అగ్గిపెట్టె. నాన్నమ్మ గుమ్మంలోంచి చూసి, ''కొండకెళ్తన్నారా, కాశీకెళ్తన్నారా?'' అంది.

అమ్మ ప్రభుత్వ టీచరు. పెళ్లికి ముందు నాలుగేళ్లు ఏజెన్సీలోని ఆశ్రమ పాఠశాలలో పనిచేసింది. ఆ కొండల చలీ తెలుసు, దోమలూ తెలుసు. అందుకే సర్దడం కన్నా తీసెయ్యడమే ముందు మొదలుపెట్టింది. కత్తి, అగ్గిపెట్టె పోయాయి. తాడూ పోయింది, 'తాడుతో దిగాల్సిన చోటికి నువ్వు వెళ్లనే వెళ్లవు' అని. గొడుగు బదులు టోపీ ఉన్న రెయిన్‌కోటు వచ్చింది. డిసెంబరు, జనవరిల్లో అరకులో రాత్రిళ్లు పది డిగ్రీల లోపుకి దిగిపోవడం మామూలే కాబట్టి స్వెటరు ఉండిపోయింది. మలేరియాకు ఏజెన్సీ పాత చిరునామా. కాబట్టి నిండు చేతుల చొక్కాలు, దోమలు కుట్టకుండా రాసుకునే క్రీమూ చేరాయి. చెప్పులు వద్దు, బూట్లే. రాళ్ల సందులో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపాలి, టార్చి వేసి చూడాలి. పాము ఉందా లేదా అన్నది జీపీఎస్ చెప్పదుగా!

పెన్ను తీసి పెన్సిల్ వేసింది. మంచు తగిలి కాగితం చెమ్మగిల్లితే సిరా అలుక్కుపోతుంది. పెన్సిల్ గీత చెక్కుచెదరదు. ఈ ఆటలో చెయ్యి తిరిగినవాళ్లంతా చెప్పే మాటే ఇది.

అంతా అయ్యాక పాప అసలు వస్తువు తెచ్చింది. నాన్న పాత స్టీలు క్యారేజీ. గట్టి మూత, పక్కన క్లిప్పులు. వర్షానికి తడవదు, ఎలుక కొరకదు. దానికి ఆకుపచ్చ రంగు పూసి, నల్ల టేపు చుట్టి, బొర్రా గుహల దారిలో ఏ రాళ్లగుట్ట కిందో పెట్టాలన్నది పథకం. ఎంత ముచ్చటగా చేసుకుందో!

అమ్మ క్యారేజీ అందుకుని వంటింట్లో పెట్టేసింది. ''ఇది మాత్రం కుదరదు తల్లీ.''

ఎందుకు కుదరదో పాపకు అర్థం కాలేదు. అర్థం కావాలంటే ఆ కొండల్లో బతికి ఉండాలి. రాళ్లకింద దాచిన, టేపు చుట్టిన టిఫిన్ క్యారేజీ ఒరెగాన్‌లో ఆటవస్తువేమో. తూర్పు కనుమల్లో దాని అర్థం వేరు. దశాబ్దాలపాటు పోలీసులకూ మావోయిస్టులకూ మధ్య నలిగిన నేల అది. మందుపాతర్లు పేలిన దారులవి. 2018 సెప్టెంబరు 23న అప్పటి అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపిన లివిటిపుట్టు, అరకు పక్కనున్న డుంబ్రిగుడ మండలంలోనిదే. అనుమానంగా కనిపించిన వస్తువును ముట్టుకోవద్దని అమ్మ స్వయంగా తన క్లాసు పిల్లలకు ఎన్నిసార్లు చెప్పిందో. ఇప్పుడు తన కూతురే అలాంటి వస్తువొకటి తీసుకెళ్లి అక్కడ పెడితే? పొద్దున్నే కట్టెలకు వచ్చిన ఏ గిరిజన పిల్లో చూస్తుంది. ముట్టుకోవాలా, పారిపోవాలా? ఊరంతా పని మానేసి పోలీసుల కోసం చూస్తుంది. వాళ్లొచ్చి మొట్టమొదట ప్రశ్నించేది ఆ ఊరివాళ్లనే. దాచినవాళ్లు అప్పటికి విశాఖలో హాయిగా టీవీ చూస్తుంటారు.

ఇదేదో మన దగ్గరి భయమే అనుకోనక్కర్లేదు. ఇంగ్లండులోని వెదర్‌బీ అనే ప్రశాంతమైన పట్టణంలో 2011లో కాఫీ హోటలు బయట దాచిన జియోకేచింగ్ డబ్బాను బాంబనుకున్నారు. వీధి ఖాళీ చేయించి, సైన్యాన్ని రప్పించి దాన్ని పేల్చేశారు. అక్కడే అలా జరిగిందంటే...

పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. ''అయితే దాచనే కూడదా?'' అంది. దాచొచ్చు. కానీ ఎవరి నేల మీద దాస్తున్నామో వాళ్లకు తెలియాలి. అడవైతే అటవీశాఖకు చెప్పాలి, పొలమైతే రైతుకు. మనకు ఉత్త రాయిగా కనిపించేది ఆ ఊరి దేవత కావచ్చు. మనకు ఖాళీగా కనిపించే మెట్ట ఎవరో రాగులు చల్లుకునే చోటు కావచ్చు. చివరికి నాన్న దిగబోయే హోటలుకు ఫోన్ చేశాడు. వాళ్ల తోటలో ఓ పనసచెట్టు మొదట్లో పెట్టుకోవడానికి మేనేజరు సరేనన్నాడు. తోటమాలికి కూడా చెబుతానన్నాడు. స్టీలు క్యారేజీ స్థానంలో లోపలున్నవన్నీ బయటికి కనిపించే ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. దానికి రంగు లేదు, టేపు లేదు. మూత మీద పెద్ద అక్షరాలతో, 'ఇది పిల్లల ఆట డబ్బా. తెరిచి చూడవచ్చు' అని రాసి, నాన్న ఫోన్ నంబరు వేశారు.

''ఇలాగైతే ఎవరికైనా దొరికిపోద్ది కదా!'' అని పాప కాసేపు మూతి ముడుచుకుంది. న్యాయమే మరి. ఆట మజా కొంత తగ్గింది.

అక్కడితో అయిపోలేదు. మావయ్య ఫోన్ చేసి, సిగ్నల్ లేని చోట కూడా శాటిలైట్ ద్వారా మెసేజ్‌లు పంపే పరికరం స్నేహితుడితో పంపిస్తానన్నాడు. అమెరికాలో ట్రెక్కింగుకు వెళ్లేవాళ్లందరి దగ్గరా ఉంటుందట. అది మన దేశంలో లైసెన్సు లేకుండా వాడితే నేరం. తెలియక తెచ్చుకున్న విదేశీ పర్యాటకులను విమానాశ్రయాల్లో పట్టుకున్న సంఘటనలున్నాయి. మామూలు జీపీఎస్‌కు ఆ గొడవ లేదు. అది ఉపగ్రహాల మాట వింటుందే తప్ప తిరిగి ఏమీ పంపదు. దానికి సిమ్ కార్డూ అక్కర్లేదు. కాకపోతే మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. సిగ్నల్ అందని చోట టవరు కోసం వెతికీ వెతికీ ఫోన్ బ్యాటరీ తాగేస్తుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే చాలా ఫోన్లలో జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది.

అంకెల దగ్గర నాన్న గంటసేపు కూర్చోబెట్టాడు. ఈ ఆటలో అక్షాంశాన్ని డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతు వరకూ రాస్తారు. చివరి అంకె ఒకటి తప్పితే రెండు మీటర్ల తేడా. చుక్కకు ముందు అంకె తప్పితే దాదాపు రెండు కిలోమీటర్లు, అంటే పక్క కొండ! ఫోనేమో 18.3275 డిగ్రీలని చూపిస్తుంది. అది ఆట లెక్కలో 18 డిగ్రీల 19.650 నిమిషాలు. పాప తొందరలో 18 డిగ్రీల 32.75 అని రాసేసింది. అలాగైతే పిన్ని పిల్లలు ఒడిశాలో వెతుక్కోవాలి!

రైలు ప్రయాణమే పెద్ద పాఠశాల. కిరండూల్ లైనులో యాభైకి పైగా సొరంగాలున్నాయి. ఒక్కోదాంట్లో దూరగానే జీపీఎస్ గుడ్డిదైపోతుంది, బయటికి రాగానే తడుముకుంటుంది. అరకుకు ముందొచ్చే శిమిలిగుడ ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషను, సముద్రమట్టానికి 996.32 మీటర్లు. కొన్ని ఫోన్లలో ఆ అంకె ఎంతకీ రాదు. ఫోన్ తప్పు కాదది. జీపీఎస్ ఎత్తును లెక్కగట్టేది భూమి ఆకారానికి వేసుకున్న ఓ ఊహా నమూనా నుంచి. మన దగ్గర అసలు సముద్రమట్టం దానికన్నా పదుల మీటర్లు దిగువన ఉంటుంది. ఆ తేడా సరిచేయని ఫోన్లు తక్కువ చూపిస్తాయి.

ఇక డబ్బాలో ఏం వెయ్యాలి? బిస్కట్లు, చాక్లెట్లు ముందే రద్దు. వాసనకు చీమలు, ఎలుకలు, కోతులు అన్నీ వస్తాయి. గోళీలు, బీచ్‌లో ఏరిన గవ్వలు, ఓ విదేశీ నాణెం వేసింది. అన్నిటికన్నా మంచిది నాన్నమ్మ ఇచ్చింది... ఏటికొప్పాక లక్క బొంగరం. అంకుడు కర్రతో చేసింది, ఎరుపూ పసుపూ చారలున్నది. ''తీసుకున్నోళ్లు దానికి తగ్గది పెట్టాలని చెప్పు!'' అని మరీ ఇచ్చింది. పాప జేబులో కొంత చిల్లర కూడా వేశారు. అది ఆటకు కాదు, సంతలో సీతాఫలాలు అమ్మే అవ్వకు నోటు మార్చే తిప్పలు లేకుండా.

సంచి చివరికి రెండు కిలోలు తూగింది. నీళ్ల సీసా, ఓఆర్‌ఎస్ పొట్లాలు, దూది, పట్టీలు, పాప పేరూ ఊరూ రాసిన కార్డు అన్నీ కలిపి. డబ్బా ఉన్న చోటు వివరాల కాగితాలు మూడు రాశారు. ఒకటి సంచిలో, ఒకటి నాన్న పర్సులో. మూడోది నాన్నమ్మ దగ్గర, దేవుడి గదిలో. వాళ్లు ఎప్పుడు ఎక్కడ ఉంటారో, సాయంత్రం ఆరు దాటినా ఫోన్ రాకపోతే హోటల్లో ఎవరికి చేయాలో దాని వెనకవైపు రాసుంది.