రెండిటికీ ఒకటే ‘నుంచి’

‘ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’.

ఈ వాక్యం అని ఆ ఇంగ్లిషు మాస్టారి చేతిలోంచి తప్పించుకున్న శిష్యుడు లేడు. పెళ్లి పందిట్లోనైనా సరే, అక్కడికక్కడే ఆపి ‘సిన్స్ కాదురా, ఫర్!’ అనేవారు. తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో 30 ఏళ్లు చెప్పిన పాఠమది. రిటైరయ్యాకా వదల్లేదు.

పిల్లల తప్పేం లేదనేదీ ఆయనే. తెలుగులో ‘పదేళ్ల నుంచి ఉంటున్నాను’ అంటాం. ‘2015 నుంచి ఉంటున్నాను’ అనీ అంటాం. రెండిటికీ ఒకటే ‘నుంచి’. ఇంగ్లిషులో అలా కుదరదు. ఎప్పుడు మొదలైందో చెప్పాలంటే సిన్స్... సిన్స్ 2015, సిన్స్ మండే. ఎంతకాలమో చెప్పాలంటే ఫర్... ఫర్ టెన్ ఇయర్స్, ఫర్ త్రీ డేస్. బయల్దేరిన ఊరికి సిన్స్, నడిచిన దూరానికి ఫర్ అంటూ బోర్డు మీద గీత గీసి మరీ చూపించేవారు. (సిన్స్‌కి ‘కాబట్టి’, ఫర్‌కి ‘కోసం’ అనే అర్థాలూ ఉన్నాయి. అది ఇంకో పీరియడ్!)

అసలు తిరకాసంతా క్రియతోనే. మనకి ‘ఉంటున్నాను’ చాలు. ఇంగ్లిషులో ‘యామ్ స్టేయింగ్’ చాలదు, ‘హావ్ బీన్ స్టేయింగ్’ అనాలి. ‘ఐ హావ్ వర్క్‌డ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’ అంటే ఇంకా చేస్తున్నట్టు. అందులో ‘హావ్’ ఎగిరిపోతే మానేసినట్టు! ఓ శిష్యుడు ఉద్యోగ దరఖాస్తులో ఆ ఒక్క ముక్కా వదిలేసి, ‘ఎందుకు మానేశారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే నీళ్లు నమిలాడు. ఫర్ అయిపోయినవాటికీ సరిపోతుంది. ‘హావ్ బీన్... సిన్స్’ అన్నామంటే మాత్రం అది ఈ రోజుకీ సాగుతున్నట్టే.

కిందటేడు మాస్టారింట్లో అమ్మగారు కాలం చేశారు. ఈ వేసవిలో డాలస్ నుంచి మనవరాలొచ్చింది. తాతయ్య, నాయనమ్మల గురించి ఓ పేజీ రాసుకురమ్మని స్కూల్లో చెప్పారట.

‘తాతయ్యా, హౌ మెనీ ఇయర్స్ వర్ యు మ్యారీడ్ ఫర్?’ అంది పెన్సిల్ పట్టుకుని.

పిల్ల వ్యాకరణంలో తప్పేం లేదు. ‘వర్’ సరైనదే, ‘ఫర్’ కూడా. మాస్టారు వేళ్లమీద లెక్కపెట్టబోయి ఆగారు.

‘ఇలా రాయమ్మా. వుయ్ హావ్ బీన్ మ్యారీడ్ సిన్స్ 1974’.

‘మరి నాయనమ్మ...’ అంటూ పిల్ల ఏదో అడగబోయింది. వాళ్లమ్మ కళ్లతోనే వారించింది.

పిల్ల అలాగే రాసుకుంది.