పాత డెస్క్‌టాప్ వేగం పెంచుతానని పిల్లలు అడిగితే

మీ ఇంట్లో ఓ మూల పదేళ్ల నాటి డెస్క్‌టాప్ ఉందా? దాన్ని ఓవర్‌క్లాక్ చేస్తానని మీ అబ్బాయో అమ్మాయో అడిగారా? ఇంకా అడగకపోతే, యూట్యూబ్ పుణ్యమా అని ఏదో ఒక ఆదివారం అడుగుతారు. అప్పుడు మనలో చాలామంది చెప్పేది రెండు మాటల్లో ఒకటి. "కాలిపోతుంది, ముట్టుకోకు" అంటాం, లేదా "కొత్తది కొందాంలే" అంటాం. మూడో దారి కూడా ఉంది. దానికి డబ్బు కన్నా ఓపిక ఎక్కువ కావాలి. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయితో కలిసి పోయిన సంక్రాంతి సెలవుల్లో మేం ఆ దారి పట్టాం. (పిల్లల్ని ప్రాసెసర్లతో, మార్కుల్ని గిగాహెర్ట్జ్‌తో పోలుస్తానేమోనని కంగారు పడకండి. ఇది నిజంగానే కంప్యూటర్ గురించి.)

మా ఇంట్లో ఉన్నది ఇంటెల్ కోర్ ఐ5-2500కె, 2011 జనవరిలో బజారులోకి వచ్చిన రకం. నాలుగు కోర్లు, 3.3 గిగాహెర్ట్జ్ వేగం. అంటే సెకనుకు 330 కోట్ల టిక్కులు. మదర్‌బోర్డు 100 మెగాహెర్ట్జ్ చొప్పున తాళం వేస్తుంటే ప్రాసెసర్ దాన్ని 33తో గుణించుకుంటుంది. పేరు చివర ఉన్న 'కె' అక్షరానికి అర్థం, ఆ 33ని మనం మార్చుకోవచ్చని. దానికి పి67, జెడ్68 లాంటి బోర్డు కూడా ఉండాలి. చవగ్గా వచ్చిన హెచ్61 బోర్డులో ఆ వీలు లేదు. కాబట్టి పని మొదలుపెట్టే ముందు మీ చిప్ పేరు, బోర్డు పేరు చూడండి. ల్యాప్‌టాప్ అయితే ఈ ఆలోచనే వద్దు, లోపల గాలాడే చోటు ఉండదు. వారంటీ ఇంకా మిగిలి ఉంటే అదీ వద్దు.

ఇది కొత్త పిచ్చేమీ కాదు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ కొందరు తల్లిదండ్రులకైనా గుర్తుండాలి. బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450తో నడిచేది. అప్పట్లో హాస్టల్ గదుల్లో దాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లం.

పిల్లలు అడగ్గానే మీరు అడగాల్సిన ప్రశ్న "ఏ పని నెమ్మదిగా ఉంది?" అని. కంప్యూటర్ ఆన్ కావడానికి ఐదు నిమిషాలు పడుతుంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు, పాత హార్డ్ డిస్క్‌ది. ఎస్‌ఎస్‌డీ ఒకటి వేస్తే మీ సమస్య అక్కడితో తీరిపోవచ్చు. ర్యామ్ 4 జీబీ ఉంటే 8 చేయండి. ఆన్‌లైన్ క్లాసులకు, హోంవర్క్ టైపింగ్‌కు ఓవర్‌క్లాకింగ్ వల్ల ఒరిగేదేమీ లేదు. మా అమ్మాయికి బ్లెండర్‌లో యానిమేషన్ చేసే అలవాటు. ఆ రెండరింగ్ పని పూర్తిగా ప్రాసెసర్ మీదే పడుతుంది. పది సెకన్ల బొమ్మకు 240 ఫ్రేములు, ఫ్రేముకు నిమిషం చొప్పున నాలుగు గంటలు. అందుకే ఒప్పుకున్నాను. దానికి రెండు షరతులు పెట్టాను. ఇంటి ఫొటోలు, ఆదాయపు పన్ను కాగితాలు ఉన్న డిస్క్ కేబుల్ పీకేసి, వేరే పాత డిస్క్‌లో విండోస్ వేసుకుని ప్రయోగాలు చేయాలి. చేసిన ప్రతి మార్పూ నోట్‌బుక్‌లో రాయాలి.

మొదటి రోజు వేగం జోలికే వెళ్లలేదు. ప్లగ్ తీసేసి, పవర్ బటన్ ఓసారి నొక్కి, కేబినెట్ తెరిచి దుమ్ము దులపడంతోనే సరిపోయింది. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండిపోయి సున్నం పెచ్చులా ఉంది. అది తుడిచేసి, కొత్తది శనగ గింజంత పెట్టాం. కంపెనీ ఇచ్చిన చిన్న కూలర్ చాలదని ఓ టవర్ కూలర్ కొన్నాం. మీరూ కొనేట్టయితే 1155 సాకెట్‌కు బిగిసేదే అడగండి. పవర్ సప్లై డబ్బాను మాత్రం పిల్లల్ని విప్పనివ్వకండి. ప్లగ్ తీసినా దాని లోపల ప్రమాదకరమైన విద్యుత్తు కాసేపు నిలిచి ఉంటుంది.

ఇక అసలు సంగతి. ప్రతి టిక్కు మధ్యా చిప్ లోపలి సంకేతాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరాలి. టిక్కులు దగ్గరైతే ఆ సమయం తగ్గుతుంది. బెల్ ఐదు నిమిషాలు ముందే కొడితే ఆఖరి లెక్క సగంలో ఉన్న పిల్లాడి పేపర్ కూడా లాగేసుకున్నట్టే, ఆలస్యంగా వచ్చిన సంకేతం స్థానంలో తప్పు అంకె నమోదైపోతుంది. దీనికి మందు వోల్టేజ్ పెంచడం. అప్పుడు ట్రాన్సిస్టర్లు చురుగ్గా మారతాయి. ఆ మందుకు ఖరీదు వేడి. వేడి వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజ్‌తో అయితే దాని వర్గం చొప్పున పెరుగుతుంది. మా చిప్ నాలుగు కోర్లూ పనిచేస్తున్నప్పుడు మామూలుగా 3.4 దగ్గర, సుమారు 1.20 వోల్టులతో నడిచేది. దాన్ని 4.2కి, 1.30 వోల్టులకు తీసుకెళితే వేగం 24 శాతం పెరుగుతుంది, వేడి 45 శాతం పెరుగుతుంది. ఈ లెక్క అమ్మాయే వేసింది. స్కూల్లో నేర్చుకున్న శాతాలు ఇంట్లో పనికొచ్చినందుకు నాకంటే వాళ్లమ్మ ఎక్కువ సంతోషించింది, కరెంటు బిల్లు సంగతి గుర్తొచ్చేదాకా.

1.30 వోల్టులు దాటకూడదని ముందే గీత గీసుకున్నాం. ఎక్కువ వోల్టేజ్, ఎక్కువ వేడి ఏళ్ల తరబడి కలిస్తే చిప్ లోపలి సన్నని తీగలు అరుగుతాయి. ఒక్కసారి ఒక్క అంకె మార్చడం, పరీక్షించడం, రాయడం. 38, 40, 42 అలా. ఏదో ఒక మెట్టు దగ్గర కంప్యూటర్ ఆన్ కాకపోతే భయపడకండి. బోర్డు మీద నాణెంలా ఉండే బ్యాటరీని, ప్లగ్ తీసి ఉంచి, కాసేపు బయటకు తీస్తే పాత సెట్టింగ్‌లే తిరిగొస్తాయి.

పిల్లలు పొరబడే చోటు ఇక్కడే ఉంది, మీరు పక్కన ఉండాల్సిందీ ఇక్కడే. విండోస్ తెరుచుకోగానే "అయిపోయింది నాన్నా" అంటారు. అది ఆన్ అయిందనడానికి రుజువు, లెక్కలు సరిగ్గా చేస్తోందనడానికి కాదు. అది తేల్చడానికి ప్రైమ్95 అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట కోసం రాసింది. 3, 7, 31, 127 లాగా, రెండును కొన్నిసార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలవి. జవాబు ముందే తెలిసిన పెద్ద పెద్ద లెక్కలు ప్రాసెసర్ చేత గంటల తరబడి చేయించి సరిచూస్తుంది. ఒక్కటి తేడా వచ్చినా ఆ కోర్ పని ఆపేసి తప్పు సందేశం చూపిస్తుంది.

4.4 దగ్గర, 1.30 వోల్టులతో, ఐదు గంటలు నడిచింది. ఆరో గంటలో ఒక కోర్ ఆగింది. రౌండింగ్ 0.4 కన్నా తక్కువ ఉండాల్సింది 0.5 వచ్చిందని రాసింది. అప్పుడు మా మధ్య వాదన జరిగింది. "ఐదు గంటలు బాగానే నడిచింది కదా నాన్నా, మనం ఎప్పుడైనా ఇంతలా వాడతామా? ఒక్కటే కదా తప్పు" అంది. మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఆటలో అయితే ఆ ఒక్క తప్పు ఎవరికీ కనిపించదు. నేనన్నాను, "ఆ ఒక్క తప్పు ఎప్పుడొస్తుందో ముందే చెప్పగలిగితే ఉంచుకుందాం. నీ రెండర్‌లో వస్తే ఒక ఫ్రేమ్ పోతుంది, మళ్లీ చేసుకుంటావు. ఫొటోలు కాపీ చేసేటప్పుడు వస్తే? కంప్యూటర్ ఆగిపోదు, ఏమీ చెప్పదు. తాతయ్య షష్టిపూర్తి ఫొటో ఒకటి సగం బూడిద రంగులో ఉందని రెండేళ్ల తర్వాత తెలుస్తుంది." కాసేపు ముఖం ముడుచుకుంది. తర్వాత తనే 43 పెట్టింది.

4.3 తొమ్మిది గంటలు ఏ తప్పు సందేశం లేకుండా నడిచింది. అయినా విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో 19వ నంబరు హెచ్చరిక ఒకటి కనిపించింది. చిప్ లోపల తప్పు జరిగి, అదే సర్దుకుందని దానర్థం. ఈ జాబితా చూడటం చాలా వీడియోల్లో చెప్పరు. మీరు మాత్రం చూడండి. ఈసారి వాదన లేదు. 4.2 పన్నెండు గంటలు శుభ్రంగా నడిచింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయి మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. నోట్‌బుక్‌లో "కరెంటు పోయింది, ఫెయిల్ కాదు" అని రాసి ఉంది. "రాత్రంతా ఆ పెట్టె హోరేమిటమ్మా" అని నానమ్మ విసుక్కుంది కూడా. నాలుగు గంటల రెండర్ మూడుంపావుకు వచ్చింది. ముప్పావు గంట ఆదా.

వీడియోలో ఎవరో 4.8 చూపించారని మీ పిల్లలు అంటే, ఒకే పేరున్న రెండు చిప్‌లు కూడా ఒకేలా ఉండవని చెప్పండి. ఇంకొకరి అంకె మన చిప్‌కు కొలత కాదు. ఆ వీడియో తీసిన గది ఎంత చల్లగా ఉందో కూడా అడగమనండి.

గది సంగతి మాకు మే నెలలో అనుభవమైంది. సంక్రాంతికి గదిలో 26 డిగ్రీలున్నప్పుడు పూర్తి పనిలో చిప్ 68 డిగ్రీలు చూపింది. మేలో గది 38కి చేరితే చిప్ 80కి చేరింది. ఇది ప్రమాదమేమీ కాదు. ఈ చిప్ తనంతట తాను వేగం తగ్గించుకునేది 98 దగ్గర. అయితే వేడెక్కిన ట్రాన్సిస్టర్లు నెమ్మదిస్తాయి. జనవరిలో పన్నెండు గంటలు నిలబడిన 4.2 మేలో మూడో గంటకే తప్పు చూపింది. "అయితే అప్పుడు రాసింది తప్పా?" అని అడిగింది. తప్పు కాదు, అది జనవరి ఫలితం.

ఈసారి నాతో పని లేకుండా తనే 4.0కి దించి, 1.24 వోల్టులు పెట్టి, మళ్లీ పన్నెండు గంటలు నడిపింది. రెండర్ సమయం చూస్తే 3 గంటల 24 నిమిషాలు. చలికాలపు సెట్టింగ్‌తో 3 గంటల 14 నిమిషాలు. తేడా పది నిమిషాలే. వేడి పెరుగుదల చూస్తే 45 శాతం నుంచి దాదాపు 25 శాతానికి పడిపోయింది. పది నిమిషాల కోసం అంత వేడా అని తనకే అనుమానమొచ్చింది. బయోస్‌లో రెండు సెట్టింగ్‌లూ వేర్వేరు పేర్లతో సేవ్ చేసింది. కేబినెట్ తలుపు లోపల ఓ కాగితం అంటించి ఉంది: "వేసవి 40, 1.24. చలికాలం 42, 1.30. దీపావళి తర్వాతే మార్చాలి." ఫొటోల డిస్క్ కేబుల్ ఆ వారమే తిరిగి తగిలించాం.