పచ్చి విందు

"పచ్చి కూరలే తింటే రోగాలు దగ్గరకు రావట గదా డాక్టరమ్మగారూ, నిజమేనా?" అన్న ప్రశ్న నాకు తరచు ఎదురవుతూ వుంటుంది. అడిగేవారిలో షుగరున్న పెద్దవాళ్లుంటారు, ఒళ్లు తగ్గాలని ఆరాటపడే ఆడపిల్లలూ వుంటారు. అవుననో, కాదనో ఒక్క మాటలో తేల్చడానికి వీల్లేదు. కనుక ముందు నేను తిన్న ఒక పచ్చి భోజనం సంగతి చెప్పి, ఆ పైన సలహాలోకి వస్తాను.

2023లో లాస్ ఏంజిలెస్ వెళ్లినప్పుడు మా అక్క కూతురు నన్నొక ఖరీదైన హోటలుకు తీసుకుపోయింది. "ఇక్కడ పొయ్యే వుండదు పిన్నీ!" అంది గర్వంగా. మాంసం, గుడ్లే కాదు, పాలు, పెరుగు, నెయ్యి కూడా నిషిద్ధం. ఏ పదార్థాన్నీ సుమారు 48 డిగ్రీల సెంటీగ్రేడు దాటి వేడి చేయరు. అమెరికాలో ఇటువంటి విందులకు గిరాకీ ఏర్పడి చాలా కాలమైంది. న్యూయార్కులో 2004లో తెరిచిన 'ప్యూర్ ఫుడ్ అండ్ వైన్' అనే హోటలు ఎంతో పేరు తెచ్చుకుని, 2015లో మూతపడింది.

మాకు మొదట అవిసె గింజల అప్పడాలు తెచ్చారు. నూనెలో వేయించినవి కావు, సన్నని వెచ్చని గాలిలో గంటల తరబడి ఆరబెట్టినవి. తరువాత వచ్చింది లసానియా. గోధుమ రేకులకు బదులు లేత సొరకాయ వంటి జుకినీని పల్చగా తరిగి, మధ్య మధ్య టమాటా ముద్ద, నానబెట్టి రుబ్బిన జీడిపప్పు 'జున్ను' పేర్చారు. చివర అవకాడో, కోకోలతో చేసిన తీపి. రుచిగానే వున్నాయి, ముఖ్యంగా ఆ జున్ను కమ్మగా వుంది. బిల్లు మాత్రం మన వూళ్లో నెల సరుకులకు సరిపోయేంత!

ఆ జీడిపప్పు తింటుంటే నాకు పలాస గుర్తొచ్చింది. జీడిపిక్క డొల్లలో వుండే నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. అందుకే పిక్కలను ఆవిరి పట్టిగాని, కాల్చిగాని తరువాతే పప్పు తీస్తారు. అంటే బజారులో 'పచ్చి' అని అమ్మే జీడిపప్పు కూడా దాదాపుగా నిప్పు సెగ తగిలిందే!

ఇంతలో మా పిల్ల తాను పదకొండు నెలలుగా పచ్చివే తింటున్నాననీ, పదకొండు కిలోలు తగ్గాననీ చెప్పింది. దాని మెడ ఎముకలు పైకి తేలి వున్నాయి. "నెలనెలా సరిగా వస్తోందా?" అని అడిగాను. "అయిదు నెలలుగా లేదు పిన్నీ. గర్భం కాదని పరీక్షలో తేలింది. ఒళ్లు శుద్ధి అయిందనడానికి అదే గుర్తని మా పచ్చి తిండి క్లాసులో చెప్పారు" అంది. మరుసటి ఏడు బిడ్డను కనాలని అనుకుంటున్న పిల్ల అది!

ఈ మాట ఇంకెవరి నోటనైనా వింటే దయచేసి నమ్మకండి. నెలసరి ఆగడం శుద్ధి కాదు, శరీరం చేస్తున్న పొదుపు. దోసకాయలు, ఆకులు, పళ్లతో పొట్ట నిండుతుంది గాని చాలినంత శక్తి రాదు. తిండి చాలనప్పుడు మెదడు అండాశయాలకు పంపే హార్మోను సంకేతాలను తగ్గించేస్తుంది. అండం విడుదల కాదు. ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకల్లో గట్టిదనమూ పోతుంది. జర్మనీలో పచ్చి తిండి తినే 500 మందికి పైగా స్త్రీ పురుషులను విచారించి 1999లో ఫలితాలు ప్రకటించారు. 45 ఏళ్ల లోపు స్త్రీలలో సుమారు 30 శాతం మందికి నెలసరి తప్పిపోతూనో, పూర్తిగా ఆగిపోయో వుంది. 2005లో అక్కడే ప్రకటించిన మరో పరిశీలనలో 201 మందిలో 38 శాతం మందికి బి12 విటమిన్ లోపం కనిపించింది. చెడ్డ కొలెస్టరాల్ తగ్గిన మాట నిజమే గాని, మంచి కొలెస్టరాల్ కూడా చాలామందిలో తక్కువగానే వుంది.

ఇదంతా చెబితే మా పిల్ల ముఖం ముడుచుకుంది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నేను తిరిగి వచ్చిన తరువాత రక్తపరీక్ష చేయించుకుంటే బి12 బాగా తక్కువని తేలింది. మందులు వాడి, పప్పూ అన్నం మొదలుపెట్టిన నాలుగు నెలలకు గాని నెలసరి తిరిగి రాలేదు.

అలాగని పచ్చివి చెడ్డవని కాదు. ఉగాది పచ్చడి, వడపప్పు, చిమ్మిలి, కోసంబరి మన ఇళ్లలో పొయ్యి ఎక్కనివే. వండితే విటమిన్ సి కొంత నశిస్తుంది కనుక జామ, ఉసిరి, నిమ్మరసం పచ్చిగానే మేలు. టమాటాలోని లైకోపీన్, క్యారెట్‌లోని కెరోటిన్ మాత్రం ఉడికించి, కాస్త నూనె తగిలిస్తేనే ఒంటికి బాగా పడతాయి. వంటలో నశించే ఎంజైముల కోసం బెంగ వద్దు. పచ్చిగా తిన్నా వాటిలో చాలా భాగం కడుపులోని ఆమ్లానికే విరిగిపోతాయి.

కొన్నింటిని ఉడికించే తినాలి. చేమ, కంద పచ్చిగా తింటే గొంతు దురద పెడుతుందని మన పెద్దవాళ్లకు తెలుసు. రాజ్‌మా గింజలు నానబెట్టి పచ్చిగా తింటే వాంతులవుతాయి. తెర్లే నీటిలో బాగా ఉడకాలి. మొలకల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఒక రకం ఇ.కోలి క్రిమి వల్ల 50 మందికి పైగా చనిపోయారు. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు మొలకలను ఉడికించుకునే తినాలి.

కాబట్టి రోజూ ఒక పూట కంచంలో పావు వంతు పచ్చి కూరలు, పళ్లు పెట్టుకోండి. శుభ్రంగా కడిగి తినండి. అన్నమో, రొట్టో, పప్పో మానకండి. పాలు, పెరుగు కూడా మానేసిన వారు డాక్టరు సలహాతో బి12 బిళ్లలు తప్పక వాడాలి. ఎదిగే పిల్లలకూ, గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ పూర్తి పచ్చి తిండి పనికిరాదు. షుగరు మందులు వాడేవారు డాక్టరుతో చెప్పకుండా తిండి మార్చకూడదు. చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇంట్లో ఆడపిల్ల ఉన్నట్టుండి సన్నబడితే మెచ్చుకునే ముందు నెలసరి సంగతి అడగండి. మూడు నెలలు వరసగా తప్పితే, గర్భం కాదని తేలినా సరే, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.