పది బై పది గదిలో సినిమా హాలు

ముంబై హైవే మీద సంగారెడ్డి వైపు వెళ్తుంటే ముత్తంగి, ఇస్నాపూర్ దాటాక రుద్రారం వస్తుంది. బస్సు కిటికీలోంచి చూసేవాళ్లకి ఇది గణేశ్‌గడ్డ గుడి ఉన్న ఊరు. స్టూడెంట్లకి గీతం యూనివర్సిటీ ఊరు, 2009లో ఇక్కడ క్యాంపస్ మొదలైంది. పని కోసం వచ్చినవాళ్లకి మాత్రం రుద్రారం అంటే తోషిబా ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీ, అటు పాశమైలారం షెడ్లు, ఈ పనుల చుట్టూ వరసగా లేచిన కిరాయి గదులు. పది అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు, ఒక కిటికీ, ఒక ట్యూబ్‌లైటు. అలాంటి గదిలో ఆరు వేల రూపాయల్లో మంచి సౌండ్ సెట్ పెట్టుకోవచ్చా అన్నదే ఈ ముచ్చట.

పెట్టుకోవచ్చు. కానీ ముందు ఈ ఊరు ఎలా వినిపిస్తుందో తెలియాలి.

మధ్యాహ్నం కూడా అర్ధరాత్రే

రుద్రారంలో నిశ్శబ్దం ఏ టైమ్‌లో దొరుకుతుందంటే చెప్పడం కష్టం. హైవే మీద లారీలు రాత్రంతా నడుస్తూనే ఉంటాయి. తెల్లవారకముందే షిఫ్ట్ బస్సుల హారన్లు మొదలవుతాయి. మూడు షిఫ్టులు నడిచే ఫ్యాక్టరీల్లో సాధారణంగా ఆరు నుంచి రెండు ఒకటి, రెండు నుంచి పది ఒకటి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఇంకొకటి. అంటే మధ్యాహ్నం పన్నెండు కూడా ఇక్కడ ఎవరికో ఒకరికి అర్ధరాత్రే. ఒక గదిలో వీక్లీ ఆఫ్ దొరికిన కుర్రాళ్లు సినిమా పెట్టుకుంటే, పక్క గదిలో నైట్ డ్యూటీ దిగి వచ్చినాయన కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుని ఉంటాడు. ఇద్దరి మధ్యా ఉన్నది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ.

అలాంటి గదుల వరసలో ఒకాయన అన్న మాట: "సినిమా మీరు చూస్తున్నరు తమ్మీ, బాంబులు మాత్రం నా మంచం కింద పేలుతున్నయి."

నిద్ర సరిగ్గా లేని మనిషి రాత్రికి మళ్లీ మిషన్ ముందు నిలబడాలి. అందుకే ఈ ఊళ్లో సౌండ్ సెట్ ఎంపిక సరదా విషయం ఒక్కటే కాదు. మనలో చాలామందికి హోమ్ థియేటర్ అంటే గోడలు అదిరే సబ్‌వూఫర్ అనే లెక్క. ఈ గదులకు దానికి ఉల్టా కావాలి. చిన్న వాల్యూమ్‌లో పెట్టినా ప్రతి డైలాగూ తేటగా వినిపించే సెట్ కావాలి. మంచి సంగతేంటంటే, అదే చవక.

ఒక్క వాట్ చాలు

డబ్బాల మీద పెద్దగా రాసే పీఎంపీఓ నంబర్‌ను వదిలేయండి. అది షోకేస్‌లో పెట్టడానికి పనికొచ్చే అంకె, నిజంగా వచ్చే పవర్ కాదు. ఆర్ఎంఎస్ ఎంతో చూడండి. దానికంటే ముఖ్యమైనది స్పీకర్ సెన్సిటివిటీ. 86 డెసిబెల్స్ అని రాసి ఉంటే, ఒక వాట్ ఇచ్చినప్పుడు మీటర్ దూరంలో అంత శబ్దం వస్తుందని అర్థం. దూరం రెట్టింపైతే బయట మైదానంలో 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో గోడలు శబ్దాన్ని తిప్పి కొడతాయి కాబట్టి అంత కూడా తగ్గదు. పది అడుగుల గదిలో మనం కూర్చునేది రెండు మీటర్ల దూరంలోనే. అంటే ఒక్క వాట్‌కే చెవి దగ్గర 80 డెసిబెల్స్ పైన వస్తుంది. మామూలుగా మాట్లాడుకునే మాట 60 దగ్గర ఉంటుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి శబ్దం రెండింతలైనట్టు అనిపించాలంటే పది రెట్ల పవర్ కావాలి. కాబట్టి 40 వాట్ల సెట్‌కీ 80 వాట్ల సెట్‌కీ ధరలో ఉండే తేడా మన గదిలో దాదాపు వినిపించదు. వాట్ల మీద పెట్టే డబ్బు స్పీకర్ మీద పెట్టడం మేలు.

ఆరు వేలను ఇలా పంచుకోండి. ముందు పెట్టే రెండు స్పీకర్లకు మూడు వేలు, సెకండ్‌హ్యాండ్‌లో. ఆంప్లిఫయర్‌కు పదిహేను వందలు. అడాప్టర్‌కు నాలుగు వందలు, వైర్లకు నాలుగు వందలు. మిగిలిన ఏడు వందలు గదికి. ఇందులో సబ్‌వూఫర్ లేదు, వెనక స్పీకర్లు లేవు. ఇదే డబ్బులో ఐదు స్పీకర్లూ ఒక సబ్‌వూఫరూ కొంటే ఒక్కోదానికి పడే ఖర్చు ఎంతో మీరే లెక్కేయండి. సినిమాలో డైలాగ్ దాదాపు అంతా మధ్య చానల్‌లో ఉంటుంది. చవక సెట్లో ఆ పని చేసేది అరచేతిలో పట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బా. అందుకే బాంబు వినిపిస్తుంది, మాట వినిపించదు.

కుండలో స్పీకర్

తక్కువ డబ్బులో సౌండ్ చేసుకోవడం మనవాళ్లకి కొత్త కాదు. క్యాసెట్ల రోజుల్లో పల్లెల్లో స్పీకర్‌ను మట్టికుండ మూతి మీద బోర్లించి పెట్టేవాళ్లు. చూడటానికి తమాషాగా ఉన్నా అందులో అసలు సూత్రం ఉంది. స్పీకర్ కాగితం ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. ఈ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని బేస్ మాయమవుతుంది. కుండ వెనక శబ్దాన్ని లోపలే బంధిస్తుంది. ఇప్పటి చెక్క క్యాబినెట్ చేసేదీ అదే పని.

ఆ రోజుల్లో ఆంప్లిఫయర్ అంటే 4440 ఐసీ వేసి మెకానిక్ అసెంబుల్ చేసిన సెట్. ఆ ఐసీ రెండు చానళ్లకు ఆరేసి వాట్లు ఇచ్చేది. ఇల్లంతా పాటలతో నిండటానికి అది సరిపోయింది. ఇప్పుడు ఆ జాగాలోకి క్లాస్ డీ బోర్డులు వచ్చాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీపీఏ3116 చిప్ ఉన్న చిన్న ఆంప్లిఫయర్లు ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతాయి. ఇవి పాత ల్యాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తాయి. 8 ఓమ్ స్పీకర్లు పెడితే చానల్‌కు 20 వాట్ల దాకా వస్తుంది. పైన చూసిన లెక్క ప్రకారం ఇది మనకు అక్కరకు మించినదే. ఇంజినీరింగ్ క్యాంపస్ పక్కన ఉన్న ఊళ్లో పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ కోసం దూరం పోనక్కర్లేదు. పైగా 230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తీగలు బయటికి తేలి ఉండే బోర్డు కంటే, నలుగురు పడుకునే గదిలో మూసి ఉన్న అడాప్టరే భద్రం.

ఎర్రగడ్డ, కోఠీ

స్పీకర్ల కోసం మాత్రం సిటీకి పోవాలి. రుద్రారం నుంచి షేర్ ఆటోలోనో సంగారెడ్డి నుంచి వచ్చే బస్సులోనో పటాన్‌చెరు దాకా రండి. అక్కడి నుంచి 218 బస్సు ఎక్కితే ఇక్రిశాట్, బీహెచ్ఈఎల్, మియాపూర్ మీదుగా నేరుగా కోఠీ. తొందరగా పోవాలంటే మియాపూర్‌లో దిగి మెట్రో ఎక్కండి. ఆదివారమైతే ఎర్రగడ్డలో దిగొచ్చు. అక్కడ రోడ్డు పక్కన పరిచే పాత సామాన్ల సంతలో స్పీకర్లు, రిమోట్లు, అడాప్టర్లు, మిక్సీ జార్లు అన్నీ ఒకే బట్ట మీద ఉంటాయి. వారం మధ్యలో వెళ్తే ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి కోఠీ గుజరాతీ గల్లీ. వైర్లు, జాక్‌లు, ఆడియో బోర్డులు, విడి స్పీకర్లు గల్లీ నిండా దొరుకుతాయి.

సంతలో వారంటీ ఉండదు, కాబట్టి చెవితో పాటు చేతులు కూడా వాడాలి. ముందు స్పీకర్ అంచు చూడండి. రబ్బరు అంచైతే ఏళ్లు నిలుస్తుంది, ఫోమ్ అంచైతే వేలు పెట్టగానే పొడిపొడిగా రాలిపోవచ్చు. కోన్‌ను ఐదు వేళ్లతో సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గీరుకున్న చప్పుడు వస్తే కాయిల్ పోయినట్టే, పక్కన పెట్టేయండి. జేబులో ఒక పెన్సిల్ సెల్లు ఉంచుకోండి. దాని రెండు కొసలకు వైర్లు పట్టి స్పీకర్ టెర్మినల్స్‌కు ఒక్క క్షణం తాకించండి. టప్ మని కోన్ కదిలితే ప్రాణం ఉన్నట్టు. సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కు తగిలినప్పుడు కోన్ బయటికి రావాలి. మల్టీమీటర్ ఉంటే 8 ఓమ్ స్పీకర్ ఆరు, ఏడు ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. రెండు స్పీకర్లూ ఒకే జత కావాలి. బేరంలో ఒక్కోటి వేరు కంపెనీది అంటగడితే వద్దనండి.

వైరుకు ఆడియో షాపు అవసరం లేదు. కరెంటు సామాను షాపులో దొరికే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఈ దూరానికి హాయిగా సరిపోతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం కాదని మాత్రం చూసుకోండి.

56 దగ్గర గొడవ

ఇంటికొచ్చాక స్పీకర్లను టీవీ పక్కన అతికించినట్టు పెట్టొద్దు. రెండు స్పీకర్లూ, మీ తలా కలిసి మూడు వైపులూ సమానమైన త్రిభుజం కావాలి. ట్వీటర్ మీ చెవి ఎత్తులో ఉండాలి. నేల మీద కూర్చుని చూసేవాళ్లయితే స్పీకర్లు కూడా కిందికే రావాలి. రెండింటికీ ప్లస్ మైనస్ ఒకేలా కలిపితే డైలాగ్ సరిగ్గా టీవీ మధ్యలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది, అక్కడ స్పీకర్ లేకపోయినా. ఒకదానికి వైరు తిరగబడితే మాట గాల్లో తేలిపోతుంది, బేస్ పలచబడుతుంది.

టీవీ సెట్టింగ్స్‌లో ఆడియో అవుట్‌పుట్‌ను పీసీఎం లేదా స్టీరియో చేయండి. ఓటీటీలో 5.1, స్టీరియో రెండూ ఉంటే స్టీరియో ఎంచుకోండి. ఫోన్‌లో చూసేవాళ్లయితే బ్లూటూత్ కంటే టైప్-సీ నుంచి వచ్చే చిన్న జాక్ వైరు మేలు, పెదాలకీ మాటకీ తేడా రాదు.

ఇక గది. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. పది అడుగులంటే 3.05 మీటర్లు. 343ను 6.1తో భాగిస్తే 56 వస్తుంది. అంటే 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం రెండు గోడల మధ్య చిక్కుకుని ఉబ్బిపోతుంది. మన గదిలో పొడవు పది, వెడల్పు పది, స్లాబ్ ఎత్తు కూడా పదికి దగ్గరే. మూడు దిక్కులా అదే అంకె. ప్రతి ఫైట్ సీనూ ఒకే ఊఁ అని మోగడానికి కారణం ఇదే. సబ్‌వూఫర్ కొంటే ఈ గొడవకు ఇంకో చేయి కలిపినట్టు. దాని బదులు స్పీకర్లను మూలల్లోంచి జరపండి, వెనక గోడకు ఒక అడుగైనా ఎడం ఉంచండి. మీరు కూర్చునే చోటు గోడకు ఆనుకోకుండా ముందుకు రండి. ఏడు వందల్లో ఒక మందపాటి పరదా, నేల మీదికి ఒక చాప కింద పాత దుప్పటి. బట్టలు వేలాడే దండెం కూడా ఎదురు గోడకు మారిస్తే పనికొస్తుంది. గుడ్డు ట్రేలు గోడకు అంటిస్తే పక్క గదికి చప్పుడు పోదనేది ఉత్త మాట. బేస్‌ను అట్ట ఆపలేదు.

గోడ అవతల

చట్టం కూడా ఒక గీత గీసింది. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75, రాత్రి 70. రాత్రి అంటే పది నుంచి ఆరు. ఇంట్లో పెట్టుకున్న సౌండ్ సెట్ వల్ల మన హద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంతానికి చెప్పినదాని కంటే 5 డెసిబెల్స్‌కు మించి పెరగకూడదు. ఇళ్లూ ఫ్యాక్టరీలూ కలిసిపోయిన చోటు ఏ కోవలోకి వస్తుందో అధికారులు నిర్ణయిస్తారు. కానీ మీటర్ పట్టుకుని ఎవరూ రారు. పక్కాయన తలుపు తట్టడానికి మొహమాటపడి ఊరుకుంటాడు, అంతే.

అందుకని సెట్ అంతా కుదిరాక ఆఖరి పరీక్ష ఇలా చేయండి. స్పీకర్ల కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టండి. టీవీలోనో ప్లేయర్‌లోనో నైట్ మోడ్ ఉంటే ఆన్ చేయండి, అది పేలుళ్లను తగ్గించి మాటల్ని పైకి తెస్తుంది. తలుపు కింద సందులో ఒక గుడ్డ కుక్కండి. మీకు ఇష్టమైన సినిమాలో మాటలు, ఫైటూ రెండూ ఉన్న సీన్ పెట్టి, గదిలో దోస్తును కూర్చోబెట్టి, చెప్పులేసుకుని బయటికి రండి. పక్క గది తలుపు ముందు నిలబడండి. అక్కడ కథ అర్థమవుతుంటే వాల్యూమ్ ఇంకా తగ్గాలి. అక్కడ హైవే లారీల మోత మాత్రమే వినిపిస్తూ, లోపలున్న దోస్తుకి ప్రతి డైలాగూ అందుతుంటే, ఆరు వేలు సరిగ్గా ఖర్చయినట్టు.