ఎంత ఇంజను బండి కొనాలి?



మందిరం ముందు నిలబెట్టిన కొత్త పికప్ బండి ఫొటో మీలో చాలామందికి వాట్సాప్‌లో చేరింది. "అయ్యగారూ, ఎలాగూ అప్పు చేశారు కదా, పెద్ద ఇంజనుదే తీసుకోవలసింది" అని ముగ్గురు నలుగురు అన్నారు. ఒకరేమో "చిన్నది చాలును కదండీ, అంత ఎందుకు?" అని అడిగారు. ఇద్దరికీ కలిపి ఒకటే జవాబు రాస్తున్నాము. జవాబు కొంచెం పొడుగు. మధ్యలో మేము ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఉంది, అందుకని.

ముందుగా ఒక మాట. ఆ బండి సంఘానిది కాదు, మన సంఘంలోని ఒక తమ్ముడిది. వారానికి రెండుసార్లు మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కుతాడు. ఎక్కేటప్పుడు పై ఊళ్ల కొట్లకు ఉల్లిపాయలు, కిరాణా, ఒక్కోసారి సిమెంటు. దిగేటప్పుడు అల్లం, పసుపు, కాలాన్ని బట్టి అనాస. ఇన్నాళ్లూ అద్దె బండి మీదే నడిపాడు. వచ్చిందంతా అద్దెకే పోతోందని సొంత బండి కొనాలనుకున్నాడు. తల్లి తన బంగారం కుదువ పెట్టడానికి ఒప్పుకుంది. లోనుకు హామీ సంతకం మమ్మల్ని పెట్టమన్నాడు. సంతకం పెట్టేవాళ్లం గనుక షోరూములకు మేమూ వెళ్లాము. అమ్మగారు కూడా వచ్చింది. లెక్కల్లో మాకంటే ఆమె గట్టి.

షోరూములో మొదటి రోజే తెలిసింది, మాకు ఏమీ తెలియదని. సెమినరీలో డిప్లొమా చదివినప్పుడు గ్రీకు క్రియాపదాలు బట్టీ పట్టించారు గానీ సీసీ అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. ఊళ్లో పాత మెకానిక్ ఒకాయన ఉన్నాడు, మన సంఘస్థుడు కాదు, మంచివాడు. ఆయన టీ గ్లాసు చూపించి చెప్పాడు. సిలిండరులో పిస్టను కింద నుంచి పైదాకా తిరిగే చోటు ఎంతో కొలిచి, అన్ని సిలిండర్లవీ కలిపితే వచ్చేదే సీసీ. గ్లాసు పెద్దదైతే ఒక్కో గుక్కకు లోపలికి వెళ్లే గాలి ఎక్కువ, దానితో కాల్చగలిగే డీజిల్ ఎక్కువ, తోసే బలం ఎక్కువ. 2005లో టాటా ఏస్ మొదట వచ్చినప్పుడు దానిది 702 సీసీ, రెండు సిలిండర్లు, 16 గుర్రాల శక్తి. ఆ కొంచెం బలంతోనే అది దేశమంతా తిరిగింది. "అంచేత చిన్నదని నవ్వకండి అయ్యగారూ" అన్నాడు.

మా ముందు మూడు కొటేషన్లు ఉన్నాయి. ఒకటి టాటా ఇంట్రా వి10, 798 సీసీ, వెయ్యి కిలోలు మోసేది. రెండోది అదే ఇంట్రాలో వి30, 1496 సీసీ, 1300 కిలోలు. మూడోది మహీంద్రా బొలెరో పికప్, 2523 సీసీ, 1700 కిలోల రకం. కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే మాకు ఒక వింత కనబడింది. రెండోదాని శక్తి 70 గుర్రాలు, మూడోదానిది 75. అయిదే తేడా. మరి వెయ్యి సీసీలు ఎక్కువ పెట్టి ఏం కొంటున్నట్టు? మెకానిక్ దగ్గరకు మళ్లీ వెళ్లాము. ఆయన కింద వరుస చదవమన్నాడు. టార్కు అని రాసి ఉంది. ఒకదానికి 140, ఇంకొకదానికి 200. గుర్రాల లెక్క ఎంత వేగంగా పోగలదో చెబుతుందట. చక్రాన్ని తిప్పే పట్టు టార్కులో ఉంటుందట. మలుపులో బండి దాదాపు ఆగిపోయి మళ్లీ లోడుతో కదలాల్సి వచ్చినప్పుడు, ఇంజను ఇంకా నెమ్మదిగా తిరుగుతుండగానే ఆ పట్టు అందాలి. అది లేకపోతే డ్రైవరు క్లచ్ మీద కాలు పెట్టి నెట్టుకొస్తాడు, ఏడాది తిరిగేసరికి క్లచ్ ప్లేటు అయిపోతుంది. మనకు ఘాట్ ఉంది గనుక ఈ వరుసే ముందు చూడమన్నాడు. షోరూములో ఇద్దరు కుర్రాళ్లు మాకు రెండు గంటలు చెప్పారు గానీ ఆ వరుస మీద ఎవరూ వేలు పెట్టలేదు.

ఇక లోడు. "ఎప్పుడూ టన్నున్నరకు తగ్గదండీ" అన్నాడు తమ్ముడు. కుర్రవాడు అబద్ధం ఆడడు, కాని భుజాలు నొప్పిపుట్టిన మనిషి చెప్పే బరువుకు, కాటా చెప్పే బరువుకు తేడా ఉంటుంది. నాలుగు ట్రిప్పులు అద్దె బండిని వేబ్రిడ్జి మీద లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూయించాము. ఎక్కువలో ఎక్కువ 1180 కిలోలు. తక్కువ 860. టన్నున్నర ఒక్కసారి కూడా లేదు. లూకా 14వ అధ్యాయంలో గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకునే ఉపమానం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో. వేబ్రిడ్జికి ఇచ్చిన రుసుముతో మాకు ఆ వాక్యం ఇంకొంచెం అర్థమైంది.

అక్కడితో చిన్న ఇంజను పక్కకు పోయింది. 1180 కిలోలకు వెయ్యి కిలోల బండి చాలదు, ప్రతి ట్రిప్పూ గీత దాటడమే. కొందరు పెద్దలు చిన్నది కొనడమే తగ్గింపు స్వభావం అన్నారు. అది మేము ఒప్పుకోము. చేతకాని ఇంజను చేత రోజూ మోయరాని బరువు మోయించడంలో వినయం ఏముంది? ఎద్దునయినా అలా చేయనివ్వరు మన రైతులు.

కష్టమంతా పెద్ద ఇంజను దగ్గర వచ్చింది. దానికి తప్పేమీ లేదు. లోడు నిజంగా 1600 ఉంటే ఏ సందేహమూ లేకుండా అదే కొనమనేవాళ్లం. అయితే రోజూ అయిదు వందల కిలోల చోటు ఖాళీగా తిరుగుతుంది. నెల వాయిదా నాలుగు వేల పైచిలుకు పెరుగుతుంది. బండి, సరుకు కలిపి 3000 కిలోలు దాటే రకానికి పర్మిట్ కూడా కావాలి. తల్లి బంగారం విడిపించడం రెండేళ్లు వెనక్కి పోతుందని అమ్మగారు కాగితం మీద చూపించింది.

అప్పుడు సంఘ పెద్దలు ఒక మాట తెచ్చారు. ప్రేమతోనే తెచ్చారు. పెద్ద బండి తీసుకుంటే సంఘం నిధి నుంచి యాభై వేలు కలుపుతామన్నారు. ఎందుకంటే కొండ మీది గ్రామాల్లో కూటాలు పెట్టినప్పుడు కుర్చీలు, జనరేటరు, మైకు సెట్టు, షామియానా వెళ్లాలి, వెనకే స్త్రీల సమాజం వాళ్లు, యవ్వనస్థులు పాతికమంది కూర్చోవచ్చు. "పెద్దింజను ఉంటే ఘాట్ మీద దిగులుండదు అయ్యగారూ" అన్నారు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. మీలో 2016 డిసెంబరులో ఇక్కడ ఉన్నవాళ్లకు ఎందుకో తెలుసు. మిగతావాళ్లకు ఇప్పుడు చెబుతున్నాము.

ఆ ఏడు సెమీ క్రిస్మస్ కూటానికి పై ఊరికి వెళ్లాము. రెండు సిలిండర్ల చిన్న బండి, దాని మీద రాసిన బరువు ముప్పాతిక టన్ను. వెనక పంతొమ్మిదిమంది, మనుషులే తొమ్మిది వందల యాభై కిలోలు అనుకోండి, మైకు సెట్టు వేరే. మేము ముందు క్యాబిన్‌లో కూర్చున్నాము, ఒళ్లో బైబిలు, కేకు డబ్బా. రాత్రి పదకొండుకు దిగుతున్నాము. డ్రైవరు అన్న గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలాడు. డీజిల్ మిగులుతుందని చాలామంది చేసే పనే. కాని ఆ రోజు డీజిల్ డబ్బులు ఇచ్చింది మేము. కొంచెం పొదుపుగా నడపమని మధ్యాహ్నం చెప్పింది కూడా మేమే.

ఇంజను గురించి ఆ తరువాత నేర్చుకున్న సంగతి ఇది. ఘాట్ దిగేటప్పుడు ఇంజను బండిని లాగదు, వెనక్కి పట్టుకుంటుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగమని పెద్ద డ్రైవర్లు చెప్పేది అందుకే. పెద్ద ఇంజను ఇంకా బాగా పట్టుకుంటుంది, నిజమే. కాని గేరులో లేని ఇంజను ఎన్ని సీసీలదైనా లేనట్టే. బరువంతా బ్రేకుల మీద పడుతుంది. అవి కాలిన వాసన మాకు ముందే వచ్చింది. ఎవరో దారిలో చెత్త కాలుస్తున్నారు అనుకున్నాము. రెండు మలుపుల తరువాత పెడల్ నేలకు తగిలింది. గేరు వేయబోతే పడలేదు. ఆ అన్న స్టీరింగు కొండవైపు తిప్పి బండిని కాలువలోకి దింపేశాడు. లోయవైపు తిప్పి ఉంటే ఈ నాలుగు మాటలు రాయడానికి మేము ఉండము.

ఒక అక్క చెయ్యి రెండు చోట్ల విరిగింది. మిగతావాళ్లకు దెబ్బలు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టానికి విరుద్ధం గనుక బీమా గురించి అడిగే ముఖం కూడా మాకు లేదు. వచ్చే ఆదివారం మేము పీఠం మీద నిలబడి, దేవుడు పంతొమ్మిదిమంది ప్రాణాలు ఎలా కాపాడాడో సాక్ష్యం చెప్పాము. అందరూ కన్నీళ్లతో స్తుతించారు. వాళ్లను ఆ బండి ఎక్కించింది ఎవరో మాత్రం చెప్పలేదు. ఏడేళ్లు చెప్పలేదు.

ఆ అక్క కొడుకే ఈ తమ్ముడు. కుదువ పెడుతున్నది ఆమె గొలుసు, గాజులు.

పెద్దల కూటంలో మేము ఈ మాటలే చెప్పాము. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ అక్క తలుపు దగ్గర చాప మీద కూర్చుని ఉంది. ఇప్పటికీ కుడి చెయ్యి పూర్తిగా పైకి లేవదు, జడ కోడలు వేస్తుంది. "అయ్యగారూ, ఏ ఇంజను అయినా కొనండి గానీ, వెనకాల మనుషులు ఎక్కలేని బండి కొనండి" అంది. అలాంటి బండి ఎవరూ తయారు చేయరమ్మా అని ఒక పెద్దాయన నవ్వబోయి ఆగిపోయాడు.

అప్పుడే మాకు తెలిసింది. అయిదు వందల కిలోల ఖాళీ చోటు ఖాళీగా ఉండదు. చోటు ఉంది కదా అని ఒకరిని ఎక్కిస్తాము, తరువాత పదిమందిని, క్రిస్మస్‌కు పాతికమందిని. ఇంజను గట్టిగా లాగుతుంది గనుక ఎవరికీ భయం కూడా కలగదు. చిన్న బండి కనీసం మూలిగి చెప్పేది. ఇది పెద్ద బండి దోషం అనడం లేదు, మా సంగతి మాకు తెలిసి అంటున్నాము.

చివరికి 1496 సీసీ దగ్గర ఆగాము. 1180 కిలోలకు 1300 సరిపోతుంది, నూట ఇరవై మిగులు. కొనే ముందు ఖాళీ బండి ట్రయలు వద్దని, ఉల్లిపాయల బస్తాలు వేసి ఘాట్ మీద నడిపిస్తేనే సంతకం అని పట్టుబట్టాము. షోరూమువాళ్లు మొదట కుదరదన్నారు, రెండు రోజులకు ఒప్పుకున్నారు. మీరు ఎవరైనా కొండ దారి కోసం బండి కొంటుంటే ఇది తప్పక అడగండి. ఎక్కేటప్పుడు మలుపులో ఆపించి, చేతి బ్రేకు వేసి, మళ్లీ కదిలించమన్నాము. కదిలింది. దిగేటప్పుడు రెండో గేరులో బ్రేకు తక్కువగా తొక్కి దిగాడు తమ్ముడు. కింద ఆపి చక్రాల దగ్గర వాసన చూశాము. అమ్మగారు కూడా వంగి చూసింది.

సంఘం యాభై వేలు వెనక్కి తీసుకోలేదు. దాన్ని కూటాలకు వెళ్లేవాళ్ల బస్సు ఛార్జీల కోసం వేరే పుస్తకంలో రాశారు. మొన్న పై ఊరి కూటానికి కుర్చీలు, జనరేటరు బండిలో ముందు వెళ్లాయి. మనుషులం ఆర్టీసీ బస్సు ఎక్కాము. బస్సు ఆలస్యం, నలభై నిమిషాలు. మేము చేరేసరికి ఊరివాళ్లు మా కోసం చూసి చూసి పాటలు మొదలుపెట్టేశారు. బస్సులో రద్దీగా ఉంటే ఆ అక్కకు సీటు దొరికింది. మేము పాడేరు దాకా నిలబడే వెళ్లాము.