ఆంబూరు నుంచి తెచ్చుకున్న మిషను

తిరుపతిలో కాట్పాడి పాసింజరు ఎక్కేటప్పటికి నా సంచిలో మూడే వస్తువులు: నాలుగు తోలు ముక్కలు, ఒక నైలాను దారం ఉండ, మా నాయన వాడిన ఆరె. మొదటి రెండూ పాత మిషనును పరీక్షించడానికి. ఆరె మాత్రం అలవాటు కొద్దీ వచ్చింది. ఇరవై ఏళ్లుగా అది లేకుండా నేను ఊరు దాటలేదు.

మాది చేతికుట్టు. తోలు మీద గీత గీసి, ఆరెతో వరసగా బెజ్జాలు పొడుస్తాం. తేనెమైనం పట్టించిన దారానికి రెండు కొసలా రెండు సూదులు కడతాం. ఒక సూది ఇటు నుంచి, ఇంకోటి అటు నుంచి అదే బెజ్జంలో దూరాలి. ఆ తర్వాత రెండు చేతులా బిగ లాగాలి. ఇట్లా కుట్టినది ఒకచోట తెగినా పక్క కుట్లు పట్టు వదలవు. నాయన చేసిన చెప్పులకు అడుగు అరిగిపోయేది గానీ కుట్టు ఊడేది కాదు.

అయితే ఒక భుజం సంచికి ఆరడుగుల కుట్టు పడుతుంది. అంగుళానికి ఏడు చొప్పున లెక్కేస్తే ఐదు వందలకు పైమాటే. బెజ్జాలతో కలిపి నాకు ఒక పూట పోతుంది. నిరుడు కుడిచేతి బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది. రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. చేతికి విశ్రాంతి ఇమ్మన్నారు డాక్టరు. చెయ్యి ఆగితే ఇల్లు ఆగుతుంది. కరెంటు మోటారుతో పరుగెత్తే మిషను నాకు వద్దు; ఒక్కో కుట్టూ చూసుకుంటూ చేత్తో తిప్పుకునేది కావాలి. అట్లాంటివి ఆంబూరులో పాతవి దొరుకుతాయని తోలు అమ్మే మనిషి చెప్పాడు.

బండి చంద్రగిరి దాటింది. పాకాలలో కాసేపు ఆగింది. చిత్తూరు చుట్టుపక్కల మామిడి తోపులు కిటికీలోంచి చాలాసేపు వెంట వచ్చాయి. కాట్పాడిలో దిగి జోలార్‌పేట వైపు వెళ్లే బండి పట్టుకున్నాను. గుడియాత్తం దాటాక పెట్టెలో తమిళం, ఉర్దూ, మన తెలుగు కలిసిపోయి వినిపించాయి.

ఆంబూరులో దిగగానే ముందు పాలారు చూడాలనిపించింది. నంది కొండల్లో పుట్టి, మన కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాట దిగే ఏరు. ఆ రోజు అందులో ఇసుక, ముళ్లకంపలే ఉన్నాయి. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి, ఈ వరసంతా తోలు ఊళ్లు. నాయన వాడిన తోలు తంగేడు పట్ట, కరక్కాయ నీళ్లలో వారాల తరబడి నానినది. క్రోమియం లవణాలతో ఆ పని తొందరగా తెములుతుంది. కానీ తోలు శుద్ధి చేసిన నీళ్లు ఈ ఏటినీ, పక్క ఊళ్ల బావులనూ పాడుచేశాయి. ఆ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాలుష్యం చేసినవాళ్లే నష్టం భరించాలన్న సూత్రం ఈ దేశపు చట్టంలో భాగమేనని 1996లో తీర్పు వచ్చింది. తోలు మీద బతికేవాడిగా ఆ ఇసుక ముందు నిలబడితే నాకు మనసు బరువెక్కింది. నేను పట్ట నీళ్లలో ఊరిన తోలే కొంటాను. ఎంత ధర పెరిగినా దాన్ని మార్చను.

ఊళ్లోకి వచ్చేసరికి బూట్ల ఫ్యాక్టరీల బస్సులు ఆడవాళ్లను దించుతున్నాయి. విదేశాలకు వెళ్లే బూట్లకు పై భాగాలు కుట్టేది ఎక్కువగా వీళ్లే. ఫ్యాక్టరీలు కొత్త మిషన్లకు మారుతున్నకొద్దీ పాతవి సందుల్లోని షెడ్లకు చేరతాయి.

మొదటి షెడ్డులో ఒక మిషను నల్లరంగు కొత్తగా వేసుకుని తళతళలాడింది. నా తోలు పెట్టి చక్రం తిప్పాను. కుట్టు పొడవు ఎంత పెంచినా కుట్లు చీమల బారులా దగ్గర దగ్గరగానే పడ్డాయి. తోలును జరిపే భాగాలు లోపల అరిగిపోయాయన్నమాట. రంగు వేస్తే ఆ అరుగుదల పోదు. బయటికి వచ్చేశాను.

రెండో షెడ్డులో పెద్దాయన ఒకరు నేల మీద కూర్చుని షటిల్‌కు నూనె పెడుతున్నారు. నా మాట విని తెలుగులోనే పలకరించారు. మూల గోనెపట్టా తీసి చూపిస్తే, సింగర్ 29కె. ‘కె’ అంటే స్కాట్లండులోని కిల్‌బోవీ. క్లైడ్‌బ్యాంక్ ఊళ్లోని ఆ కార్ఖానా 1980లో మూతపడింది. దాని చేతి పని ఇక్కడ గోనెపట్టా కింద ఇంకా బతికే ఉంది.

ఈ మిషను చెయ్యి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. బూటునైనా సంచినైనా దానికి తొడిగి కుట్టొచ్చు. మామూలు కుట్టు మిషనులో గుడ్డను కిందనున్న పళ్లు జరుపుతాయి. ఇందులో పైనున్న పాదమే తోలును అదిమిపట్టి ముందుకు నడిపిస్తుంది. ఆ పాదం చుట్టూరా తిరుగుతుంది. తోలును తిప్పక్కర్లేదు, పాదాన్ని తిప్పితే కుట్టు ఆ వైపుకు మళ్లుతుంది.

“గుండ్రంగా కుట్టి చూడప్పా. నాలుగు దిక్కులా ఒకే తీరుగా పడితేనే మిషను బాగున్నట్టు,” అన్నారు పెద్దాయన.

నిదానంగా చక్రం తిప్పాను. సూది దిగి, పైకి లేస్తూ దారాన్ని చిన్న మెలికలా వదులుతుంది. ఆ క్షణానికి షటిల్ కొన వచ్చి మెలికలో దూరాలి. రవ్వంత ఆలస్యమైతే కుట్టు తప్పుతుంది. గుండ్రం పూర్తయింది. ఒక్క కుట్టూ తప్పలేదు.

“మైనం దారం దీనికి పెట్టొచ్చా అయ్యా?”

“వద్దప్పా. మైనం టెన్షన్ బిళ్లల్లో అంటుకుని దారాన్ని పట్టేస్తుంది. నీ సంచిలో ఉంది చూడు, ఆ నైలానే దీనికి సరి. ఇంకో మాట, తోలును చేత్తో లాగొద్దు. లాగితే సూది వంగి విరుగుతుంది. అది నడుస్తుంది, నువ్వు దారి చూపించు, చాలు.”

12,000 రూపాయలకు బేరం తెగింది. సీరగ సాంబా బియ్యపు బిర్యానీ, వంకాయ కూరతో ఆయన పక్కనే కూర్చుని తిన్నాను. ఇనుప స్టాండు లారీలో వేయించి, మిషను తలను గోనెలో చుట్టి నాతోనే బండెక్కించాను. కాట్పాడిలో ప్లాట్‌ఫాం మారేటప్పుడు ఒక కుర్రవాడు అడక్కుండానే రెండో వైపు పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక నెల రోజులు నేర్చుకోవడమే. పై దారం వదులుగా ఉంటే కింద ఉండలు కట్టేది. బాబిన్ చిన్నది కావడంతో కుట్టు మధ్యలో దారం అయిపోయేది. ఇప్పుడు ప్రతి పొడుగు కుట్టుకు ముందు బాబిన్ నింపుకుంటున్నాను. పాదం పళ్లు మెత్తటి తోలు మీద అచ్చులు వేస్తే, సన్నటి ఎమరీ కాగితంతో వాటి పదును తగ్గించాను. రెండు సూదులు విరిగాయి. రెండుసార్లూ నేను తోలు లాగినందుకే.

అసలు సంగతి తెలిసింది మాత్రం మొదటి సంచి పూర్తయినప్పుడు. మిషను కుట్టులో దారాలు రెండు. పైదీ కిందిదీ తోలు మధ్యలో ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుంటాయి. ఒకవైపు దారం అరిగి తెగితే ఆ కుట్టు వరసగా వదులవుతుంది. రెండు సూదుల కుట్టుకు ఆ భయం లేదు. అందుకని పని పంచాను. సంచి అంచులు, జేబులు, పొడుగు వరసలు మిషనువి. బరువు లాగే పట్టీ మొదళ్లు, మూలలు చేతివి. ఒక పూట పట్టే కుట్టు గంటలో అవుతోంది. బొటనవేలి నొప్పి తగ్గింది. మిగిలిన సమయంలో అంచులు నున్నగా చెయ్యడం, మా అన్న కొడుక్కి ఆరె పట్టడం నేర్పడం సాగుతున్నాయి.

పాత మిషను కొనబోయేవారికి నా మాట ఒక్కటే. తళుకు చూడకండి. మీ తోలు, మీ దారం తీసుకెళ్లండి. చక్రం మీ చేత్తో తిప్పి, గుండ్రంగా కుట్టి చూడండి. ముందు కొన్నేళ్లు చేత్తో కుట్టినవారికే మిషను ఎక్కడ వాడాలో, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. నా సంచుల పట్టీలు ఇప్పటికీ నాయన ఆరెతోనే బిగుస్తున్నాయి.